పెంపుడు కుక్కకు వాంతులు, విరేచనములు : ఇంటిలో ఏమి చేయాలి?

ప్రభుత్వ వైద్యునిగా పదవీవిరమణ చేసిన తరువాత నన్ను సలహా అడిగేవారు తగ్గుతారని అనుకున్నాను. అడిగేవారు తగ్గలేదు, రోగులు మారారు. మా వీధిలో ఇప్పుడు దాదాపు ఇంటికొక కుక్క ఉంది. పశువుల ఆసుపత్రి ఊరికి ఆ చివర ఉంది, నేను ఈ చివర ఉన్నాను. అందువలన, "డాక్టరు గారూ, మా జిమ్మీ తెల్లవారుజాము నుంచి రెండుసార్లు కక్కుకుంది. మా బాబుకు రాసిన వాంతుల మందు సీసాలో సగం మిగిలింది. ఎన్ని చెంచాలు పొయ్యమంటారు?" వంటి ప్రశ్నలు నెలకు రెండు మూడయినా వస్తాయి. దసరా మరునాడు, కనుమ మరునాడు ఇంకా ఎక్కువ.

ఆ ప్రశ్న వెనుక ఉన్న ప్రేమను నేను గౌరవిస్తాను. కాని ప్రమాదము కూడా అక్కడే ఉంది. పెద్ద వయస్సు కుక్కలలో కలిగే చిన్నచిన్న జీర్ణబాధలు చాలా వరకు ఒకటి రెండు రోజులలో వాటంతట అవే సర్దుకుంటాయి. వాటిని ప్రాణాపాయముగా మార్చగలిగేవి రెండు. మొదటిది, మన మందుల పెట్టెలోని మాత్రలు. రెండవది, తేలికపాటి బాధకు, తీవ్రవ్యాధికి తేడా తెలియక ఊరకే గడిచిపోయే కాలము. ఈ రెంటి నుంచి మీ కుక్కను కాపాడుకొనడమెలాగో చెప్పడమే ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా ఒక మాట. నేను మనుష్యులకు వైద్యము చేసినవాడిని, పశువైద్యుడిని కాను. మా ఇంటిలో ముప్పై సంవత్సరములకు పైగా ఏదో ఒక కుక్క ఉంటూనే ఉంది. వాటికి జబ్బు చేసినపుడు అందరి వలెనే నేనూ పశువుల ఆసుపత్రి బల్ల ముందు నిలబడ్డాను. అక్కడ పశువైద్య మిత్రులు చెప్పినది, ఆ తరువాత చదివి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను. పశువైద్యుని పరీక్షకు ఇది ప్రత్యామ్నాయము కాదు.

కుక్క కడుపు తీరు

కుక్కకు వాంతి మనకు అయినంత పెద్ద విషయము కాదు. దొరికినదానిని ముందు మింగి, మంచిచెడ్డలు తరువాత తేల్చుకొనే జంతువు అది. సరిపడనిదానిని సులువుగా బయటకు తోసివేసే శక్తిని ప్రకృతి దానికి ఇచ్చింది. గరిక తిని, కాస్త నురుగు కక్కి, అరగంటలో తోక ఆడించుకుంటూ గిన్నె వద్దకు వచ్చే కుక్కకు ఏ వైద్యమూ అవసరము లేదు. కొన్ని కుక్కలు తెల్లవారుజామున ఖాళీ కడుపుతో పసుపుపచ్చని పైత్యరసము కక్కుతాయి. రాత్రి పడుకొనే ముందు కొద్దిగా ఆహారము పెడితే వీటిలో చాలావాటికి ఆ బాధ తగ్గుతుంది.

వాంతికి, తిన్నది ఊరకే వెనుకకు రావడానికి తేడాను గమనించండి. వాంతికి ముందు కుక్క నోట చొంగ కారుతుంది, డోకులు వస్తాయి, పొట్ట కండరములు బలముగా బిగుసుకుంటాయి. రెండవదానిలో ఈ శ్రమ ఏదీ ఉండదు. తల వంచగానే తిన్న అన్నము తిన్నట్లే జారిపడుతుంది. ఇది అన్ననాళములోని బాధకు సూచన. పదే పదే జరిగితే పశువైద్యునికి చూపించాలి.

విరేచనములలోను రెండు తీరులు ఉన్నాయి. చిన్నప్రేగుల బాధలో రోజుకు కొద్దిసార్లే అయినా ఎక్కువ పరిమాణములో నీళ్ళుగా పోతుంది. చిన్నప్రేగులలో రక్తము కారితే మలము తారు వలె నల్లగా ఉంటుంది. పెద్దప్రేగు బాధలో కొంచెము కొంచెముగా చాలాసార్లు, ముక్కుతూ, జిగటతో పోతుంది. రక్తము ఉంటే ఎఱ్ఱగానే కనిపిస్తుంది. పశువైద్యుడు మొదట అడిగే ప్రశ్నలలో ఇది ఒకటి. సిగ్గుపడక సెల్‌ఫోనులో ఒక ఫోటో తీసి ఉంచుకోండి, మాటలకంటె అది ఎక్కువ చెబుతుంది.

మరొక ముఖ్య విషయము శరీర ఉష్ణోగ్రత. ఆరోగ్యముగా ఉన్న కుక్క ఉష్ణోగ్రత సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది. 101 డిగ్రీలు మనకు జ్వరము, కుక్కకు ఆరోగ్యము. ఒంటిమీద చేయి వేసి "ఒళ్ళు కాలిపోతోంది" అనుకొనేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. ముక్కు పొడిగా ఉంటే జ్వరమనే నమ్మకము కూడా సరికాదు.

కడుపు ఎందుకు చెడుతుంది?

సాధారణ కారణము తిండి. ఒక్కసారిగా ఆహారము మార్చడము, చెత్తకుండీ వెదకడము, పండుగనాడు చుట్టాలు తలా ఒక గారె, ఒక కొవ్వు ముక్క పెట్టడము తఱచు చూసేవే. కొవ్వు ఎక్కువైన ఆహారము కడుపును చెఱచడముతో ఆగదు. కొన్ని కుక్కలలో క్లోమగ్రంథికి తాపము కలిగించి ప్రాణము మీదికి తెస్తుంది. పాలలోని లాక్టోజ్ అను చక్కెరను పెద్ద కుక్కలు చాలావరకు సరిగా జీర్ణించుకోలేవు. ప్రేమతో పోసిన గిన్నెడు పాలు మరునాటి విరేచనములకు కారణము కావచ్చు.

తిండి తరువాత చెప్పవలసినవి పరాన్నజీవులు. కుక్కపిల్లలలో ఏలికపాములు, కొంకిపురుగులు, జియార్డియా వంటివి విరేచనములను కలిగిస్తాయి. మన ప్రాంతములో గోమార్లు లేక పిడుదులు అని పిలిచే రక్తము పీల్చే పురుగులు ఎర్లిఖియా, బెబీసియా అను వ్యాధులను కుక్కలకు అంటిస్తాయి. తిండి మానివేయడము, వాంతులు, జ్వరము, చిగుళ్ళు తెల్లబడడము వాటి లక్షణములలో కొన్ని. కడుపు బాధ అనిపించినపుడు చెవుల లోపల, వ్రేళ్ళ సందులలో గోమార్ల కోసము వెదకండి. కనిపిస్తే ఆ మాట పశువైద్యునికి తప్పక చెప్పండి.

ఇంటిలో చూసుకోదగినది ఏది?

ఈ క్రింది మాటలన్నీ మీ కుక్క విషయములో నిజమయితేనే ఒక రోజు ఇంటిలో ఉంచి గమనించవచ్చు. అది ఎదిగిన కుక్క. టీకాలన్నీ వేయించారు. వాంతి ఒకటి రెండుసార్లు, లేక పలుచని విరేచనము రెండు మూడుసార్లు మాత్రమే అయింది. రక్తము లేదు. పిలిస్తే వస్తుంది, తోక ఆడిస్తుంది. త్రాగిన నీరు కడుపులో నిలుస్తుంది. ప్రమాదకరమైనది ఏదీ మింగలేదని మీకు తెలుసు. వీటిలో ఒక్కటి తప్పినా పశువైద్యునికి ఫోను చేయండి.

గమనించడమంటే దూరము నుంచి చూడడము కాదు. పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబి రంగుతో తడిగా ఉండాలి. వ్రేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు క్షణములలోపు రంగు తిరిగి రావాలి. చిగుళ్ళు పుట్టుకతో నల్లగా ఉండే కుక్కలకు క్రింది కనురెప్ప లోపలి భాగము చూడండి. మెడ వెనుక చర్మమును మెల్లగా పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకోవాలి. నెమ్మదిగా దిగినా, చిగుళ్ళు జిగటగా, పొడిగా ఉన్నా ఒంటిలో నీరు తగ్గిందని అర్థము. కుక్క నిద్రలో ఉన్నపుడు నిమిషమునకు ఎన్నిసార్లు శ్వాస తీస్తుందో లెక్కించండి. సాధారణముగా అది ముప్పైకి మించదు. ఈ పరీక్షలను కుక్క ఆరోగ్యముగా ఉన్న రోజునే ఒకసారి చేసి చూసుకుంటే జబ్బు రోజున తేడా తెలుస్తుంది.

ముందు నీరు

నేను ఉద్యోగములో చేరిన కొత్తలో తొలకరి వానలు పడగానే ఆసుపత్రి వసారాలు అతిసారముతో వచ్చిన పిల్లలతో నిండిపోయేవి. విరేచనములలో ప్రాణము తీసేది చాలావరకు నీటి నష్టము, లవణముల నష్టము అని ఆనాడు ప్రతి తల్లికీ చెప్పేవాళ్ళము. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములో డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటితో కలరా మరణములను ఎంతగానో తగ్గించి లోకమునకు చూపిన సత్యము అదే. మనుష్య వైద్యము నుంచి కుక్కల వద్దకు తీసుకుపోదగినది ఏదయినా ఉంటే అది ఈ సత్యము. మాత్రలు కావు.

నీటిని ఎన్నడూ ఆపవద్దు. పది కిలోల కుక్కకు సాధారణముగా రోజుకు అర లీటరు, ఆపై కొంచెము నీరు అవసరము. విరేచనములలో ఇంకా ఎక్కువ కావాలి. అయితే వాంతి చేసుకున్న కుక్క దాహముతో గిన్నెడు నీరు ఒక్కసారి త్రాగి, మరల అంతా కక్కవచ్చు. అందువలన వాంతి అయిన తరువాత కొంతసేపు ఆగి, పావుగంటకు ఒకసారి కొద్ది చెంచాల నీరు గిన్నెలో పోయండి. మంచు ముక్కలు నాకనిచ్చినా మంచిదే. రెండు మూడు గంటలు నీరు నిలిస్తే క్రమముగా పెంచండి. కొద్దిపాటి నీరు కూడా నిలవకపోతే ఇంటి వైద్యము అక్కడితో ముగిసింది, ఆసుపత్రికి బయలుదేరాలి.

ఓ.ఆర్.ఎస్. ఇవ్వవచ్చా అని చాలామంది అడుగుతారు. పశువైద్యుడు సరే అంటే, పొట్లము మీద చెప్పిన కొలత నీటిలో పొట్లమంతా కలిపి, కుక్క తనంత తాను త్రాగితే కొద్దికొద్దిగా ఇవ్వవచ్చు. నీరు తగ్గించి చిక్కగా కలపవద్దు. చాలా కుక్కలకు ఆ రుచి నచ్చదు. వాటికి ఉత్త నీరే మంచిది. నోరు తెరిచి బలవంతముగా పోస్తే ద్రవము ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా కలిగే ప్రమాదము ఉంది.

తరువాత ఆహారము

వాంతులయిన ఎదిగిన కుక్కకు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆహారము ఆపి కడుపుకు విశ్రాంతి ఇవ్వవచ్చు. వాంతులు లేక, విరేచనములు మాత్రమే ఉండి, కుక్క ఆకలితో ఉంటే ఉపవాసము అవసరము లేదు. కుక్కపిల్లలను, మరీ చిన్న జాతి కుక్కలను, మధుమేహమునకు మందు వాడుతున్న కుక్కలను పస్తు ఉంచరాదు. పిల్లలలో రక్తములోని చక్కెర త్వరగా పడిపోతుంది. కడుపు చెడితే లంఖణము పెట్టడము మన పాత అలవాటే గాని, ప్రేగుల లోపలి పొరకు తిరిగి పెరగడానికి ఆహారము కావాలి. పార్వో వ్యాధి సోకిన కుక్కపిల్లలకు త్వరగా ఆహారము మొదలుపెడితే మేలు కలిగిందని 2003లో వెలువడిన ఒక పరిశోధన కూడా చూపింది.

పెట్టవలసినది సులువుగా జీర్ణమయే చప్పిడి తిండి. మెత్తగా ఉడికించిన అన్నము రెండు పాళ్ళు, చర్మము, ఎముక తీసి ఉత్త నీళ్ళలో ఉడికించిన కోడిమాంసము ఒక పాలు కలపండి. ఉప్పు, కారము, నూనె, నెయ్యి, మసాలా వేయవద్దు. శాకాహారుల ఇండ్లలో మాంసమునకు బదులు వెన్న తీసిన పాలతో చేసిన పనీరు వాడవచ్చు. పెరుగన్నమునకు అలవాటు పడిన కుక్కకు పులియని పెరుగుతో, తాలింపు లేకుండా కొద్దిగా పెట్టవచ్చు. రోజు మొత్తము తిండిని నాలుగైదు భాగములు చేసి, మొదటిసారి రెండు మూడు చెంచాలతో ప్రారంభించండి. అది నిలిస్తే పెంచండి. మలము గట్టిపడిన తరువాత మూడు నాలుగు రోజులలో పాత ఆహారమును కొంచెము కొంచెముగా కలుపుతూ మామూలుకు రండి.

ఒక కనుమ నాడు మా ఇంటి నాటు కుక్క గౌరి, దొడ్డిలో ఎవరో విసిరిన మాంసపు కొవ్వు కడుపునిండా తిన్నది. మరునాడు ఉదయము రెండు వాంతులు, సాయంత్రమునకు మూడు పలుచని విరేచనములు అయ్యాయి. కాని అది ఉడుతను తరమడము మానలేదు, చిగుళ్ళు గులాబిగానే ఉన్నాయి. నీరు, చప్పిడి అన్నము, కోడిమాంసముతో మూడవ నాటికి సర్దుకుంది. "ఏం మందు వేశావు అన్నయ్యా?" అని మా తమ్ముడు అడిగాడు. "మందు వేయలేదురా, కనిపెట్టుకుని ఉన్నాను" అని చెప్పాను. అతనికి నమ్మకము కలిగినట్లు లేదు. మందు లేకుండా నయమయినదంటే నమ్మడము మనకు కష్టమే.

మన మందులు వాటికి వద్దు

పారసిటమాల్ కుక్కల కాలేయమును దెబ్బతీస్తుంది. రక్తములోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువును మోయలేని రూపములోనికి మారుస్తుంది. పిల్లులకయితే ఒక్క మాత్ర కూడా ప్రాణాంతకము కాగలదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు కుక్క కడుపులో పుండ్లు, రక్తస్రావము కలిగిస్తాయి, మూత్రపిండములను చెఱుస్తాయి. కడుపు నొప్పితో మూలుగుతున్న కుక్కకు ఇవి వేస్తే మంటలో నూనె పోసినట్లే.

విరేచనములు కట్టే లోపరమైడ్ మన ఇండ్లలో సులభముగా దొరుకుతుంది. కోలీ వంటి కొన్ని జాతులలో జన్యులోపము వలన ఈ మందు మెదడులోనికి చేరి మత్తు, తూలుడు కలిగిస్తుంది. ప్రేగులలో క్రిములు, విషము ఉన్నపుడు ఏ కుక్కకయినా వాటిని లోపల బంధించడము మంచిది కాదు. వాంతులు ఆపే మందులలో కొన్నిటిని పశువైద్యులూ వాడుతారు. కాని వారు ముందు పొట్ట తడిమి, ప్రేగులకు ఏదీ అడ్డుపడలేదని తేల్చుకుంటారు. అడ్డు ఉండగా వాంతిని ఆపితే జబ్బు మరుగున పడుతుంది, కాలము వృథా అవుతుంది. పిల్లల సిరప్పులతో మరొక చిక్కు ఉంది. చక్కెరకు బదులు కొన్నిటిలో జైలిటాల్ వాడుతారు. చక్కెర లేని చూయింగ్ గమ్ములలోను అది ఉంటుంది. అది కుక్కల రక్తములోని చక్కెరను ప్రమాదకరముగా పడగొట్టి, కాలేయమును కూడా దెబ్బతీయగలదు.

ఇక మెట్రోనిడజోల్. విరేచనములనగానే ఆ మాత్ర వేయడము మనుష్యులకు అలవాటయింది, కుక్కలకూ అలవాటు చేస్తున్నాము. తేలికపాటి విరేచనములకు యాంటీబయాటిక్‌లు అవసరము లేదని నేటి పశువైద్య మార్గదర్శకములు చెబుతున్నాయి. మోతాదు మించితే మెట్రోనిడజోల్ కుక్కల నాడీమండలమును బాధిస్తుంది. అవసరము లేని చోట వాడిన యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవులు పెరగడము కుక్కతో ఆగే సమస్య కాదు, అది మన ఇంటి సమస్య కూడా.

విషము మింగిందని ఉప్పునీరు పోసి కక్కించే పద్ధతి మన పల్లెలలో ఇంకా ఉంది. ఉప్పు ఎక్కువై మెదడు వాచి కుక్క మరణించవచ్చు. ఆ పని చేయవద్దు.

వంటింటిలోని అపాయములు

ఉల్లి, వెల్లుల్లి పచ్చివయినా, వండినవయినా కుక్కల ఎఱ్ఱకణములను పగులగొట్టి రక్తహీనత కలిగిస్తాయి. కూర కలిపిన అన్నము పెట్టే ఇండ్లలో ఇది గమనించవలసిన విషయము. చాకొలెట్‌లోని థియోబ్రొమిన్ గుండెను, నాడులను ఉద్రేకపరుస్తుంది. ద్రాక్షలు, కిస్‌మిస్ మూత్రపిండముల వైఫల్యము కలిగించగలవు. పాయసములోని కిస్‌మిస్‌ను కూడా మరువవద్దు. దీనికి టార్టారిక్ ఆమ్లము కారణము కావచ్చునని పశువైద్య పరిశోధకులు ఇటీవల ప్రతిపాదించారు. ఆ ఆమ్లము సమృద్ధిగా ఉండే మన చింతపండు తిన్న కుక్కలలో కూడా మూత్రపిండములు దెబ్బతిన్న ఉదంతములు వెలువడ్డాయి. అందువలన పులిహోర, పులుసు, చింతపండు గుజ్జు కుక్కకు అందనీయవద్దు.

వేసవిలో మామిడి టెంక, వానాకాలములో గింజలు తీసిన మొక్కజొన్న కండె మన ప్రాంతపు ప్రత్యేక ప్రమాదములు. కుక్క వాటిని గుటుక్కున మింగుతుంది. అవి జీర్ణము కావు, ప్రేగులకు అడ్డుపడతాయి. అప్పుడు శస్త్రచికిత్స తప్ప దారి ఉండకపోవచ్చు. ఉడికిన ఎముకలు పెళుసై, మొనలుగా విరిగి నోటిని, ప్రేగులను గాయపరుస్తాయి.

క్షణము ఆలస్యము చేయకూడని లక్షణములు

ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యము వద్దు.

1. వాంతిలో గాని, విరేచనములో గాని రక్తము, నల్లని మలము.
2. పదే పదే వాంతులు, నీరు కూడా నిలవకపోవడము, ఒక రోజు దాటినా తగ్గుముఖము పట్టకపోవడము.
3. పొట్ట ఉబ్బి, ఏమీ బయటకు రాక ఉత్త డోకులు రావడము. జెర్మన్ షెపర్డ్, డాబర్‌మాన్, గ్రేట్ డేన్ వంటి లోతైన ఛాతీ గల పెద్ద కుక్కలలో ఇది కడుపు మెలిపడడానికి సూచన. గంటల లెక్కలో ప్రాణము పోతుంది.
4. తెల్లని, నీలపు, లేక పసుపుపచ్చని చిగుళ్ళు. లేవలేని నీరసము, తూలుడు, మూర్ఛ.
5. ఆడకుక్క ఎదకు వచ్చిన కొన్ని వారములకు వాంతులు, అధిక దాహము, నీరసము. గర్భాశయములో చీము పట్టి ఉండవచ్చు.
6. ఎండలో తిరిగిన, మూసిన కారులో ఉన్న కుక్క విపరీతముగా ఒగర్చుతూ వాంతి చేసుకోవడము. ఇది వడదెబ్బ. నీడకు చేర్చి, చల్లని నీటితో ఒళ్ళు తడిపి, విసరుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి.
7. ఎలుకల మందు, పురుగుల మందు, మనుష్యుల మాత్రలు తిన్నదన్న అనుమానము. ఆ డబ్బాను, అట్టను వెంట తీసుకువెళ్ళండి.
8. కుక్కపిల్లలో వాంతులు, విరేచనములు ఏవయినా.

చివరి మాటకు కారణము పార్వో వైరస్. 1978 ప్రాంతములో బయటపడి రెండు సంవత్సరములలో ప్రపంచమంతా వ్యాపించిన వ్యాధి ఇది. చికిత్స లేకపోతే సోకిన పిల్లలలో అధిక సంఖ్య మరణిస్తాయి. సకాలములో సిరలలోకి ద్రవములు ఎక్కిస్తే చాలావరకు బ్రతుకుతాయి. మా ప్రక్క వీధిలో ఒకరు రెండున్నర నెలల పిల్లను తెచ్చుకున్నారు. టీకా ఒక్కటే పడింది. ఒక శనివారము సాయంత్రము అది వాంతులతో మొదలై, రాత్రికి దుర్వాసనతో రక్తవిరేచనములు చేసుకుంది. "సోమవారం పొద్దున్నే చూపిస్తానండీ" అన్నాడు ఆయన. "సోమవారానికి చూపించడానికి పిల్ల ఉండదు బాబూ, ఇప్పుడే బయలుదేరు" అన్నాను. ఆ రాత్రే తీసుకువెళ్ళాడు. ఐదు రోజులు సెలైను ఎక్కించారు. ఆరవ రోజున అది మెతుకు ముట్టింది. ఇప్పుడది ఏడాది కుక్క, నేను నడకకు పోతే గేటులోంచి మొరుగుతుంది.

గొంతులో ఎముక అనుకున్నపుడు

ఈ మాట మనుష్య వైద్యునిగా చెబుతున్నాను. దయచేసి జాగ్రత్తగా చదవండి. కుక్క మింగలేకపోతుంది, నోరు సగము తెరచి ఉంటుంది, చొంగ ధారగా కారుతుంది. ఇంటివారికి తట్టే మొదటి ఆలోచన గొంతులో ఎముక ఇరుక్కుందని. నిజముగా అదే కావచ్చు. కాని రేబీస్ వ్యాధి ఒక రూపములో కుక్క కరవదు, మీద పడదు. దవడ, గొంతు కండరములు పట్టు తప్పి సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది.

నేను పనిచేసిన ఒక తాలూకా ఆసుపత్రికి ఒక రైతు ఇలాగే వచ్చాడు. తన కుక్క అన్నము మింగలేకపోతుంటే నోటిలో చేయి పెట్టి ఎముక కోసము వెదికాడు. మూడవ రోజు కుక్క మరణించింది. "కరవలేదు గదా, సూదులెందుకు?" అన్నది ఆయన వాదన. భార్య పట్టుపట్టి తీసుకువచ్చింది. ఆయన వ్రేళ్ళ మీద పొలము పనిలో అయిన గీతలు ఉన్నాయి. వాటికి తగిలిన చొంగ చాలు వైరస్ ప్రవేశించడానికి. టీకాలన్నీ పూర్తిగా వేయించుకున్నాడు, బ్రతికాడు. రేబీస్ లక్షణములు మొదలయిన తరువాత దాదాపు ఎవరూ బ్రతకరు. అంతకు ముందు తీసుకున్న టీకాలు దాదాపు అందరినీ కాపాడుతాయి.

కనుక మింగలేని కుక్క నోటిలో చేయి పెట్టవద్దు. దానిని ఒక గదిలో ఉంచి పశువైద్యునికి కబురు చేయండి. చొంగ తగిలి ఉంటే సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషములు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి.

ఇంటివారి రక్షణ, ముందు జాగ్రత్తలు

మలమును ఏ రోజుది ఆ రోజు తీసివేయండి. ఏలికపాముల గ్రుడ్లు బయటపడిన వెంటనే వ్యాధి కలిగించలేవు, వాటికి కొన్ని వారములు పడుతుంది. ప్రతిదినము శుభ్రము చేస్తే ఆ అవకాశము ఉండదు. అలా వదిలివేస్తే మట్టిలో ఆడే పిల్లల నోటిలోనికి ఆ గ్రుడ్లు చేరి కాలేయమును, ఊపిరితిత్తులను, కంటిని కూడా బాధించగలవు. కొంకిపురుగుల పిల్లలు వట్టి పాదముల చర్మములోనికి చొచ్చుకుపోతాయి. తాకిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. పార్వో వైరస్‌ను చేతులకు రాసుకొనే ఆల్కహాలు ద్రవములు చంపలేవు. మలమును తీసి కడిగిన తరువాత, ఒక పాలు బ్లీచింగ్ ద్రావకమునకు ముప్పై పాళ్ళు నీరు కలిపి, పది నిమిషములు తడిగా ఉంచి కడగాలి. ఆ వైరస్ నేలలో నెలల తరబడి నిలుస్తుంది.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారముల వయస్సులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారములకొకసారి చొప్పున పదహారు వారములు నిండే వరకు కొనసాగించాలి. ఒక్క టీకాతో పని అయిందనుకొనడము వలన చాలా పిల్లలు పోతున్నాయి. రేబీస్ టీకా మూడు నెలలకు వేయించి, ఆ తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారము మరల మరల వేయించాలి. నులిపురుగుల మందు కుక్కపిల్లలకు రెండు వారముల వయస్సు నుంచే అవసరము. పెద్దవాటికి సుమారు మూడు నెలలకొకసారి, బరువును బట్టి, పశువైద్యుని సలహాతో ఇవ్వాలి. ఆహారము మార్చదలచినపుడు వారము రోజులలో క్రమముగా మార్చండి.

చివరిగా ఒక చిన్న పని చెబుతాను. దగ్గరలోని పశువైద్యుని ఫోను నంబరు, రాత్రివేళ తెరచి ఉండే పశువుల ఆసుపత్రి చిరునామా ఒక కాగితము మీద వ్రాసి ఇంటిలో అందరికీ కనిపించే చోట అంటించండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సంచార పశువైద్య సేవలకు 1962 నంబరు ఉన్నది, దానినీ వ్రాసుకోండి. అదే కాగితము మీద కుక్క బరువు, టీకాలు వేయించిన తేదీలు, నులిపురుగుల మందు ఇచ్చిన తేదీ ఉండాలి. జబ్బు చేసినపుడు ఏమి తిన్నది, ఎన్నిసార్లు కక్కినది, ఎన్నిసార్లు విరేచనమయినది, ఎప్పుడు నీరు త్రాగినది వేళలతో సహా వ్రాయండి. నా వద్దకు వచ్చిన రోగులు తమ బాధను తాము చెప్పుకునేవారు, పసిపిల్లల బాధను తల్లులు చెప్పేవారు. కుక్క బాధను చెప్పవలసినది మీరే. మీరు సరిగా చెప్పిన నాలుగు మాటలు పశువైద్యునికి ఎన్నో పరీక్షలను తప్పిస్తాయి, మీ కుక్కకు విలువైన సమయమును మిగులుస్తాయి.